రెండో తీగ బతికే ఉందా?

వికారాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా బీదర్ వెళ్ళే రైలు మార్గం నిజాం కాలంలో వేసింది. ఒంటి లైను. అంటే ఎదురెదురుగా వచ్చే రైళ్ళు రెండింటికీ పట్టాల జత ఒక్కటే. రైలును వదిలేముందు స్టేషన్ మాస్టరుకు తెలియాల్సింది ఒకటే: ఇక్కడికీ పక్క స్టేషన్‌కీ మధ్య లైను ఖాళీగా ఉందా, లేదా? వినడానికి చిన్న ప్రశ్నే. దానికి నమ్మదగిన జవాబు దొరకడానికి మాత్రం రైల్వేలు పుట్టిన తర్వాత దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.

ఈ వ్యాసం రైళ్ళ గురించి కాదు. కంప్యూటర్ నెట్‌వర్కుల్లో స్విచ్చులనే పెట్టెలుంటాయి. కేబుళ్ళు గుచ్చడానికి వాటికి పోర్టులుంటాయి. ఆ పోర్టుల్లో కొన్నింటిని కావాలనే మూసి ఉంచుతారు. అలా మూసి ఉంచిన పోర్టు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో దూరం నుంచి అడిగి తెలుసుకోవడం ఎలా మొదలైంది, అడిగే వీలుండి కూడా చాలాచోట్ల ఎందుకు అడగరు అన్నదే నేను చెప్పాలనుకుంటున్నది. రైలు పట్టాల వెంట వెళ్తే అక్కడికి తొందరగా చేరతాం.

సందేశం వేరు, స్థితి వేరు

1874 సెప్టెంబర్ 10 రాత్రి ఇంగ్లండ్‌లో నార్విచ్ దగ్గరి థోర్ప్ అనే చోట, ఒంటి లైను మీద రెండు ప్యాసింజర్ రైళ్ళు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. పాతికమంది దాకా చనిపోయారు. అప్పటికే స్టేషన్ల మధ్య టెలిగ్రాఫ్ ఉంది. ఆ రాత్రి కూడా బాగానే పనిచేసింది. అవతలి స్టేషన్ నుంచి రైలును పంపమని ఒక సందేశం వెళ్ళింది. బాధ్యుడైన అధికారి సంతకం పడకముందే వెళ్ళింది. ఈలోపు ఇటు నుంచి కూడా రైలు బయల్దేరింది. విషయం తెలిసి, ఆపమని వెంటనే ఇంకో సందేశం పంపారు. రైలు వెళ్ళిపోయిందని జవాబొచ్చింది. ఆ తర్వాత ఆ గదిలో ఉన్నవాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు, చప్పుడు కోసం ఎదురుచూడటం తప్ప.

ఈ ప్రమాదం తర్వాత ఎడ్వర్డ్ టైయర్ అనే ఇంజనీరు 1878లో ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. రెండు స్టేషన్లలోనూ ఒక్కో యంత్రం, వాటి మధ్య విద్యుత్ తీగ. యంత్రం లోపల లోహపు బిళ్ళలు. రెండు యంత్రాలూ కలిపి ఒక సమయంలో ఒకే బిళ్ళను బయటకి వదులుతాయి. ఆ బిళ్ళ చేతిలో ఉన్న డ్రైవరుకే ఆ ముక్క లైను మీద హక్కు. బిళ్ళ తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండోది రాదు. మన దేశంలో ఒంటి లైన్ల మీద ఎక్కువగా కనబడింది దీని తర్వాతి తరం యంత్రం, నీల్స్ బాల్ టోకెన్. అందులో బిళ్ళ బదులు ఉక్కు బంతి ఉంటుంది. దాన్ని తోలు సంచిలో పెట్టి, సంచిని ఒక పెద్ద వలయానికి కట్టి, కదిలే ఇంజను నుంచి ప్లాట్‌ఫారం మీది మనిషికి, ఆ మనిషి నుంచి ఇంజనులోకి మార్చుకునేవాళ్ళు. పాత ప్యాసింజర్లలో తిరిగినవాళ్ళకు ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఆ యంత్రం ముఖం మీద మూడే స్థానాలు: లైను మూసి ఉంది, రైలు అటు నుంచి వస్తోంది, రైలు ఇటు నుంచి వెళ్తోంది.

థోర్ప్‌లో ఉన్నదీ టైయర్ యంత్రంలో ఉన్నదీ ఒకటే విద్యుత్తు, ఒకటే రకం తీగ. తేడా ఎక్కడంటే, టెలిగ్రాఫ్ సందేశాన్ని మోస్తుంది. సందేశం ఒక క్షణంలో జరిగే పని. అది ఆలస్యం కావచ్చు, తప్పిపోవచ్చు, ముందే వెళ్ళిపోవచ్చు. టైయర్ యంత్రం స్థితిని పట్టుకుని ఉంటుంది. ఎప్పుడు వెళ్ళి చూసినా ఆ లైను ఇప్పుడెలా ఉందో అది చెబుతుంది. ఎవరో చెప్పాలి, ఇంకెవరో వినాలి అన్న అవసరం లేదు. ఈ తేడాని కాస్త గుర్తుపెట్టుకోండి. వందేళ్ళ తర్వాత కంప్యూటర్ల దగ్గర ఇదే మళ్ళీ ఎదురవుతుంది.

జహీరాబాద్ మార్గానికి ఈ చరిత్రలో ఇటీవలి చోటు కూడా ఒకటుంది. రైళ్ళు గుద్దుకోకుండా ఆపే కవచ్ వ్యవస్థను ప్యాసింజర్ రైళ్ళతో పరీక్షించడం 2016 ఫిబ్రవరిలో మొదలైంది. దక్షిణ మధ్య రైల్వేలో అందుకు ఎంచుకున్న మార్గాలు లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్. పట్టాల మధ్య ట్యాగులు, స్టేషన్లలో రేడియో టవర్లు, ఇంజనులో కంప్యూటరు. డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటబోతే బండి దానంతటదే బ్రేకు వేసుకుంటుంది. 2020 జూలైలో దీన్ని జాతీయ వ్యవస్థగా ప్రకటించారు. ఉక్కు బంతి పోయి రేడియో తరంగం వచ్చింది. ప్రశ్న అదే: ముందున్న ముక్క ఇప్పుడు ఏ స్థితిలో ఉంది?

దారులు ఎక్కువైతే

రైల్వేకి దారి ఒక్కటే కావడం ఇబ్బంది. ఈథర్నెట్‌కి దారులు ఎక్కువ కావడం ఇబ్బంది.

రెండు స్విచ్చుల మధ్య ఒకే కేబుల్ ఉంటే, అది తెగిన రోజు అంతా ఆగిపోతుంది. కాబట్టి తెలివైనవాళ్ళు ఎవరైనా రెండోది వేస్తారు. రెండోది వేయగానే ఒక వలయం తయారవుతుంది. ఈథర్నెట్‌లో తిరిగే సమాచారపు ముక్కను ఫ్రేమ్ అంటారు. ఇంటర్నెట్ ప్యాకెట్ మీద అది ఇంకా ఎన్ని మజిలీలు దాటవచ్చో ఒక అంకె ఉంటుంది. ఒక్కో మజిలీకి ఒకటి తగ్గుతూ సున్నాకి వస్తే ప్యాకెట్‌ని పారేస్తారు. ఫ్రేమ్ మీద అలాంటి అంకె లేదు. దానికి చావు లేదు. అందరికీ ఉద్దేశించిన ఫ్రేమ్ ఒకటి వలయంలో పడితే ఆగకుండా తిరుగుతుంది. వలయాలు రెండు మూడు కలిస్తే ప్రతి చుట్టుకీ దాని నకళ్ళు పెరుగుతాయి. చూస్తుండగానే నెట్‌వర్క్ మొత్తం తన ప్రతిధ్వనితోనే నిండిపోతుంది. దీన్ని బ్రాడ్‌కాస్ట్ తుఫాను అంటారు.

1980ల మొదట్లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ ముందుకు ఈ సమస్య వచ్చింది. అప్పటికే చాలామంది ఈథర్నెట్ ఒక్కటే సరిపోతుందనుకుని, మజిలీల లెక్క చూసే పై పొర లేకుండా ప్రోగ్రాములు రాసేశారు. వాళ్ళ ప్రోగ్రాములేవీ మార్చకుండా ఈథర్నెట్‌లను కలిపే ఒక మంత్రపు పెట్టె కావాలి. వలయాలున్నా తట్టుకోవాలి. నెట్‌వర్క్ ఎంత పెద్దదైనా ఒక్కో పెట్టెలో వాడే జ్ఞాపకశక్తి పెరగకూడదు. ఆమె తర్వాత చాలాసార్లు చెప్పిన కథ ప్రకారం, మేనేజరు ఈ పని ఒక శుక్రవారం అప్పగించి, వారంపాటు సెలవు మీద వెళ్ళాడు. ఆ రాత్రికే పరిష్కారం తట్టింది. సోమ, మంగళవారాల్లో వివరంగా రాసేసింది. మేనేజరు తిరిగొచ్చేదాకా ఇంకో పని మొదలుపెట్టలేక, మిగిలిన రోజుల్లో ఆ పరిష్కారం మీదే ఒక కవిత రాసింది. పేరు ‘ఆల్గోరైమ్’. జాయిస్ కిల్మర్ చెట్ల మీద రాసిన ప్రసిద్ధ కవితకు అది పేరడీ. 1985లో అచ్చయిన ఆమె పరిశోధన పత్రంలో సారాంశం ఉండాల్సిన చోట ఈ కవితే ఉంటుంది. ఒక సాంకేతిక పత్రాన్ని కవితతో మొదలుపెట్టి, దాన్ని ప్రపంచమంతా అమలు చేసేలా చేసినవాళ్ళు నాకు తెలిసి వేరెవరూ లేరు.

పరిష్కారం ఇది. వలయాలున్న చిక్కటి వల లోంచి ఒక చెట్టును మాత్రం ఎంచుకోవాలి. చెట్టులో ఏ రెండు ఆకుల మధ్యనైనా దారి ఒక్కటే ఉంటుంది, వలయం ఉండదు. గణితంలో ఈ ఆలోచన పాతదే. 1926లో ఒటకార్ బొరువ్కా అనే చెక్ గణితవేత్త మొరావియా ప్రాంతంలో ఊళ్ళకు కరెంటు తీగలు తక్కువ ఖర్చుతో వేయడమెలా అన్న ప్రశ్న నుంచి అన్ని చోట్లనీ తాకే అతి చౌక చెట్టును కనుక్కునే పద్ధతి రాశాడు. కానీ బొరువ్కా చేతిలో మొత్తం పటం ఉంది. పెర్ల్‌మన్ పెట్టెలకి పటం లేదు. ఒక్కో పెట్టెకి తెలిసింది తన పొరుగు పెట్టె చెప్పిన మాటే. ఆ మాటలతోనే అన్నీ కలిసి ఒకే చెట్టు మీద ఒప్పుకోవాలి.

అన్నింటికన్నా చిన్న నంబరున్న పెట్టె చెట్టుకి వేరు అవుతుంది. ఎవరూ ప్రత్యేకంగా మార్చకపోతే అన్ని పెట్టెలకూ ప్రాధాన్యం 32768 అనే ఒకే అంకె. కాబట్టి నిర్ణయం ఫ్యాక్టరీలో ముద్రించిన చిరునామా మీదకి పోతుంది. ఒకే కంపెనీ సరుకులో పాత పెట్టెలకు చిన్న చిరునామాలు ఉండటం మామూలే. ఫలితంగా చాలా ఆఫీసుల్లో మూలన దుమ్ము కొట్టుకుపోయిన పాత స్విచ్చే, ఎవరికీ తెలియకుండా, ఊరికి పెద్దమనిషి అయి కూర్చుంటుంది. మిగతా పెట్టెలు ఆ వేరుకి దగ్గరి దారి చూసుకుని, మిగిలిన దారుల కొసల్లో పోర్టులను మూసేస్తాయి. ఈ పద్ధతిని ఐఈఈఈ సంస్థ 1990లో 802.1డి ప్రమాణంగా అచ్చువేసింది.

మూసిన పోర్టు నిద్రపోదు

స్పానింగ్ ట్రీ గురించి చదివిన చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు కథ మూసిన పోర్టులో ఉంది.

బ్లాకింగ్‌లో ఉన్న పోర్టు ఎవరి సమాచారాన్నీ దాటనివ్వదు. కానీ వింటూ ఉంటుంది. వేరు దగ్గర పుట్టిన పలకరింపు ప్రతి 2 సెకన్లకోసారి కొమ్మకొమ్మకీ పాకి వస్తుంది. ఆ పలకరింపు వినబడినంతసేపూ పోర్టు మూసే ఉంటుంది. 20 సెకన్ల పాటు వినబడకపోతే అవతలి దారి తెగిందనుకుంటుంది. అప్పుడు లిసెనింగ్‌లోకి వచ్చి 15 సెకన్లు, లెర్నింగ్‌లో ఇంకో 15 సెకన్లు గడిపి, ఫార్వర్డింగ్‌కి వెళ్తుంది. మొత్తం 50 సెకన్ల దాకా. 2001లో వచ్చిన రాపిడ్ స్పానింగ్ ట్రీ ఈ ఆలస్యాన్ని బాగా తగ్గించింది గానీ లోపలి తర్కం పెద్దగా మారలేదు.

ఆ తర్కంలో రెండు బలహీనతలున్నాయి. మొదటిది, మౌనాన్ని అది ఒకే విధంగా అర్థం చేసుకుంటుంది. ఫైబర్‌లో పంపడానికి ఒక పోగు, అందుకోవడానికి ఒక పోగు ఉంటాయి. రెండింట్లో ఒక్కటే చెడిపోతే, పలకరింపు రావడం ఆగుతుంది కానీ ఇటు నుంచి అటు దారి మాత్రం తెరిచే ఉంటుంది. పాపం ఆ పోర్టు తన పని తాను నిజాయితీగా చేస్తూ తెరుచుకుంటుంది. వలయం పడుతుంది. తుఫాను మొదలు.

రెండోది ఇంకా మామూలుది. మూసిన పోర్టు పనికిరాకుండా పోతే ఎవరికీ తెలియదు. వాడుతున్న తీగ తెగితే నిమిషంలో పది ఫోన్లొస్తాయి. వాడని తీగ తెగితే ఒక్క ఫోనూ రాదు. అందరి పనీ సాఫీగా సాగుతుంటుంది. ఆపద్ధర్మంగా ఉంచుకున్న దారి లేకుండా పోయిందన్న సంగతి, ఆ ఆపద వచ్చిన రోజే బయటపడుతుంది.

పెర్ల్‌మన్ చెట్టు తనని తాను సరిచేసుకుంటుంది, నిజమే. కానీ దాని దగ్గర మిగిలిన కొమ్మలెన్నో అది మనకు చెప్పదు. మనమే అడగాలి.

అడగడం ఎప్పుడు మొదలైంది

అడిగే భాష 1988లో వచ్చింది. అంతకుముందు ఏడాది గేట్‌వేలను కనిపెట్టుకుని ఉండటానికి రాసిన ఒక చిన్న పద్ధతిని విస్తరించి, జెఫ్రీ కేస్, మార్క్ ఫెడర్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్ అనే నలుగురు ఆ ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సి 1067 పత్రంగా తెచ్చారు. దాని పేరే సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్, పొట్టిగా ఎస్‌ఎన్‌ఎమ్‌పి. పెట్టెలో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాము కూర్చుంటుంది. మన చెరువుల దగ్గరి నీరటి లాంటివాడు. తూము తెరిచి ఉందా మూసి ఉందా, నీళ్ళు ఎంతున్నాయి అని అడిగితే చెబుతాడు. తానుగా పరిగెత్తుకొచ్చి చెప్పాల్సిన సంగతి ఉంటే దానికి ట్రాప్ అనే ఇంకో దారి ఉంది. మనం అడగడానికి 161వ నంబరు పోర్టు, వాడు అరవడానికి 162వది.

అయితే ఏం అడగాలో ముందే ఒప్పుకోవాలి కదా. అడగదగిన సంగతుల జాబితాని మిబ్ అంటారు. స్పానింగ్ ట్రీ కోసం ఆ జాబితా 1991 డిసెంబర్‌లో ఆర్‌ఎఫ్‌సి 1286గా వచ్చింది. రాసినవాళ్ళు డెకర్, లాంగిల్, రిజ్‌సింఘానీ, మెక్‌క్లోగ్రీ. 1993లోనూ 2005లోనూ దాన్ని తిరగరాశారు. పెర్ల్‌మన్ కవితను అంతో ఇంతో అందరూ ఎరుగుదురు. ఈ నలుగురి పేర్లు ఎక్కడా వినబడవు. తీగ మూసే పద్ధతి పుట్టిన ఆరేళ్ళకు, మూసిన తీగ ఎలా ఉందో కంపెనీతో పని లేకుండా అడిగే వీలు కల్పించింది వీళ్ళే.

మిబ్‌లో ప్రతి సంగతికీ అంకెల్లో ఒక చిరునామా. పోర్టు స్థితిది ఇది: 1.3.6.1.2.1.17.2.15.1.3. చివర పోర్టు నంబరు తగిలించాలి. ఎడమ నుంచి చదివితే ఇది కూడా ఒక చెట్టు మీద దిగుతూ వెళ్ళడమే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దగ్గర మొదలై, మధ్యలో 6 దగ్గర అమెరికా రక్షణ శాఖని దాటి (ఇంటర్నెట్ ఎవరి డబ్బుతో పుట్టిందో ఆ అంకెలో మిగిలిపోయింది), 17 దగ్గర బ్రిడ్జి, 2 దగ్గర స్పానింగ్ ట్రీ, 15 దగ్గర పోర్టుల పట్టిక, 3 దగ్గర స్థితి. జవాబుగా ఒక్క అంకె వస్తుంది. 1 అంటే డిసేబుల్డ్, 2 బ్లాకింగ్, 3 లిసెనింగ్, 4 లెర్నింగ్, 5 ఫార్వర్డింగ్, 6 బ్రోకెన్. నీల్స్ యంత్రం ముఖం మీద మూడు స్థానాలు, ఇక్కడ ఆరు.

ఇంత సులువుగా దొరికే అంకెను ఎందుకు అడగరు? నాకు తోచిన కారణం, మనకి పర్యవేక్షణ అలవాటైన తీరు. 1995లో టోబియాస్ ఓటికర్ రాసిన ఎమ్‌ఆర్‌టీజీ అనే ఉచిత ప్రోగ్రాముతో ఎస్‌ఎన్‌ఎమ్‌పి ఊరూరికీ చేరింది. అది గీసే పచ్చ నీలం గ్రాఫులు చూసి ఒక తరం నెట్‌వర్క్ వాళ్ళు పెరిగారు. గ్రాఫు చూపేది ఎంత సమాచారం పారుతోందో. ఆరోగ్యంగా మూసి ఉన్న పోర్టు గ్రాఫూ, చచ్చిపోయిన పోర్టు గ్రాఫూ దాదాపు ఒకేలా ఉంటాయి, అడుగున పాకే ఒక గీత. పోర్టు లేచి ఉందా పడిపోయిందా అని మాత్రమే చూసే ఇంకో అలవాటుంది. దానివల్ల ఇంకో చిక్కు. బ్లాకింగ్‌లో ఉన్న పోర్టు లేచే ఉంటుంది. అది రేపు పొరపాటున ఫార్వర్డింగ్‌కి వెళ్ళినా లేచే ఉంటుంది. లేచి ఉండటం తీగకి సంబంధించిన సంగతి, మూసి ఉండటం చెట్టుకి సంబంధించిన సంగతి. మొదటిది చూసి రెండోది తెలుసుకోలేం.

ట్రాప్ ఉంది కదా అంటారు. చెట్టు మారినప్పుడు, కొత్త వేరు ఎన్నికైనప్పుడు పెట్టె తానుగా ట్రాప్ పంపుతుంది. నిజమే. కానీ ట్రాప్ అంటే సందేశం. మామూలుగా అది వెళ్ళేది కూడా ఆ నెట్‌వర్క్ మీదే, అందిందో లేదో రసీదు లేకుండా. తుఫానులో పడవ మునిగిపోతోందన్న ఉత్తరాన్ని ఆ పడవలోనే పంపినట్టు. థోర్ప్ రాత్రి టెలిగ్రాఫ్ చేసిన పని ఇదే. సందేశం వస్తే మంచిదే, దాని మీదే ఆధారపడకూడదు. నిర్ణీత వేళల్లో వెళ్ళి స్థితిని అడిగి రావాలి.

రెండు చోట్ల

2002 నవంబర్ 13న బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్‌లో నెట్‌వర్క్ కుప్పకూలింది. హార్వర్డ్‌కి అనుబంధమైన పెద్ద ఆసుపత్రి. కంప్యూటర్ వాడకంలో అమెరికాలోనే ముందున్నవాటిలో ఒకటని పేరు. దాదాపు నాలుగు రోజులు డాక్టర్లు, నర్సులు కాగితాల మీద పనిచేశారు. పరీక్షల ఫలితాలు పట్టుకుని మనుషులు అంతస్తుల మధ్య పరిగెత్తారు. చేతిరాతతో మందుల చీటీ ఎప్పుడూ రాయని యువ డాక్టర్లకు పెద్దవాళ్ళు పక్కన నిలబడి నేర్పించారు. ఒక పరిశోధకుడి ప్రోగ్రాము పెద్ద ఎత్తున సమాచారాన్ని నెట్‌వర్క్ మీదకి వదలడంతో మొదలైంది. కానీ దాని అసలు మూలం స్పానింగ్ ట్రీలో ఉంది. వేరు నుంచి కొస వరకు ఏడు మజిలీలు మించకూడదన్నది ఆ ప్రమాణం పెట్టుకున్న లెక్క. ఏళ్ళ తరబడి ఒక్కో భవనం, ఒక్కో విభాగం అతికిస్తూ పోయి, ఆసుపత్రి నెట్‌వర్క్ కొన్ని చోట్ల ఆ లెక్క దాటేసింది. దాటిన రోజు ఏ గంటా మోగలేదు.

ఆ ఆసుపత్రి సాంకేతిక విభాగం అధిపతి జాన్ హలంకా దీన్ని దాచలేదు. ఏం జరిగిందో పత్రికలకి వివరంగా చెప్పాడు. మరుసటి ఏడు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కూడా దీని మీద వ్యాసం వచ్చింది. స్పానింగ్ ట్రీ అన్న మాట వైద్య పత్రికల దాకా వెళ్ళింది ఆ నాలుగు రోజుల వల్లే.

రెండో చోటు జహీరాబాద్ దగ్గరే. అక్కడి పారిశ్రామిక ప్రాంతంలో ఒక కర్మాగారం, పేరు అనవసరం. గేటు దగ్గర లారీలు తూచే కాంటా, లోపల గోదాము, వాటి మధ్య రెండు ఫైబర్ తీగలు. ఒకటి రోడ్డు పక్కన, రెండోది వెనక గోడ వెంబడి. పద్ధతి ప్రకారం వేసినవే. ఒక రోజు పొద్దున రోడ్డు పని చేస్తున్న జేసీబీ మొదటి తీగను తెంపింది. రెండోది 50 సెకన్లలో అందుకోవాలి. గంటైనా అందుకోలేదు. కాంటా కంప్యూటరు నుంచి బిల్లు రాదు, బిల్లు లేకుండా లారీ బయటకి పోదు. సాయంత్రానికి గేటు బయట వరస హైవే దాకా పాకింది.

ఆ వారం నేను వేరే పని మీద అక్కడికి వెళ్ళాను. నెట్‌వర్క్ చూసుకునే కుర్రాడు స్విచ్చు లోపలి రికార్డు తీసి చూపించాడు. రెండో తీగ పోర్టు స్థితి 1, డిసేబుల్డ్. ఏడు నెలలుగా అలాగే ఉంది. ఎవరో కెమెరా బిగించడానికి వచ్చినప్పుడు ఆ పోర్టును ఆపి, తీగ కొసను పక్కన పెట్టి, తిరిగి గుచ్చకుండా వెళ్ళిపోయారు.

“సార్, నెట్ అయితే నడుస్తనే ఉండె కదా. ఎవరు చూస్తరు దాన్ని?” అన్నాడు అతను.

అతని మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అతన్ని పనిలో పెట్టుకున్నవాళ్ళు నెట్ నడుస్తోందా అనే రోజూ అడిగారు, రెండో తీగ బతికే ఉందా అని ఏ రోజూ అడగలేదు. నష్టం కంపెనీ లెక్కల్లో ఒక రోజు ఆలస్యంగా రాసుకుని ఉంటారు. నాకు గుర్తుండిపోయింది గోదాము మెట్ల మీద కూర్చున్న హమాలీలు. వాళ్ళకి లారీకింత అని లెక్క. లారీ కదలకపోతే కూలీ లేదు. ఆ రోజు వాళ్ళ ఇళ్ళకి డబ్బులు చేరకపోవడానికి కారణం ఒక పట్టికలో 2 ఉండాల్సిన చోట 1 ఉండటం అని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఏం లాభం.

ఉండాల్సిన అంకె

ఇలాంటివి కనిపెట్టడానికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. ఒక కాగితం మీద ఏ స్విచ్చులో ఏ పోర్టు 5లో ఉండాలో, ఏది 2లో ఉండాలో రాసుకోవాలి. నిమిషానికోసారి ఆ అంకెలు అడిగి, కాగితంతో పోల్చాలి. 2 ఉండాల్సిన చోట 1 గానీ 6 గానీ వస్తే ఆపద్ధర్మం దారి పోయినట్టు. 2 ఉండాల్సిన చోట 5 వస్తే, అయితే మొదటి దారి తెగి ఉండాలి, లేదా వలయం పడుతూ ఉండాలి. రెండూ వెంటనే చూడాల్సినవే. దీనితోపాటు వేరు ఎవరన్నదీ, చెట్టు ఎన్నిసార్లు మారిందన్న లెక్కా అదే జాబితాలో దొరుకుతాయి. ఆ లెక్క ఉన్నట్టుండి పరిగెడితే ఎక్కడో ఒక తీగ ఊగిసలాడుతోందని అర్థం.

మెలికలూ లేకపోలేదు. స్పానింగ్ ట్రీ పట్టికలోని పోర్టు నంబరూ, మామూలు పట్టికలోని నంబరూ ఒకటి కావు. మధ్యలో ఇంకో పట్టిక చూసి జత కలుపుకోవాలి. లేకపోతే ఆరో పోర్టు చెడితే తొమ్మిదో పోర్టు దగ్గర వెతుకుతారు. కొన్ని కంపెనీల స్విచ్చుల్లో ఒక్కో వీలాన్‌కి ఒక్కో చెట్టు ఉంటుంది, ఒక్కోదాన్నీ విడిగా అడగాలి. రాపిడ్ పద్ధతిలో డిసేబుల్డ్, బ్లాకింగ్, లిసెనింగ్ మూడింటినీ కలిపి డిస్కార్డింగ్ అనే ఒకే పేరు పెట్టారు కాబట్టి, తీగ లేచి ఉందా అన్నది కూడా పక్కనే అడిగితేనే పూర్తి బొమ్మ వస్తుంది. ఇక పాత ఎస్‌ఎన్‌ఎమ్‌పిలో రహస్యపదం ‘పబ్లిక్’ అనే మాటే. పెట్టెతో వచ్చిన ఆ మాటను మార్చకుండా వదిలేస్తే, దారినపోయే ఎవరైనా మన చెట్టు పటం గీసుకోవచ్చు. మూడో వెర్షన్ 2002లో పూర్తి ప్రమాణమైంది, దాన్ని వాడటం మేలు.

పెద్ద డేటా సెంటర్లు స్పానింగ్ ట్రీని చాలావరకు వదిలేశాయి. దారులన్నింటినీ ఒకేసారి వాడుకునే పద్ధతులు వచ్చాయి. వాటిలో ఒకటైన ట్రిల్ వెనక ఉన్నదీ పెర్ల్‌మనే. ఈసారి ఫ్రేమ్‌కి మజిలీల లెక్క తగిలించింది. కానీ కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో, వీధి కెమెరాల పెట్టెల్లో పాత చెట్టు ఇంకా ఉంది. అక్కడ మూసి ఉన్న ఒక పోర్టు రెండు సెకన్లకోసారి పలకరింపు వింటూ కూర్చుని ఉంటుంది, లేదా ఎవరో దాని తీగను పీకేసి ఉంటారు. బయట నుంచి చూస్తే రెండూ ఒకటే. అడిగితే వచ్చే అంకెలోనే తేడా.

మీరు చదువుకున్న కాలేజీలోనో, మీ నాన్నగారిని చూపించుకునే ఆసుపత్రిలోనో నెట్‌వర్క్ చూసేవాళ్ళు తెలిసినవాళ్ళుంటే ఈసారి కలిసినప్పుడు అడగండి: మీ దగ్గర బ్లాకింగ్‌లో ఉండాల్సిన పోర్టులెన్ని, ఇవాళ ఎన్ని ఉన్నాయి? రెండు అంకెలూ తడుముకోకుండా చెప్పారంటే అక్కడ ఎవరో చూస్తున్నారన్నమాట.